డ్రెస్సరు కూత, కంపౌండరు తాళంచెవులు

మొన్న కంటి పరీక్షకని ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. ఒక చిన్న నర్సమ్మ వచ్చి నా వేలికి బట్టల క్లిప్పు లాంటిది తగిలించి, పక్కనున్న పెట్టెలో అంకె చూసి, "ఊపిరి బాగుందమ్మమ్మా" అని వెళ్ళిపోయింది. నా ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు. ముప్పై ఏళ్ళకు పైగా నర్సు ఉద్యోగం చేసినదాన్ని, ఒళ్ళు మండింది. పిలిచి కూర్చోబెట్టి, ఆ క్లిప్పుకు తెలియని సంగతి ఒకటి చెబుదామనుకున్నాను. కానీ ఆ పిల్ల అప్పటికే ఇంకో నలుగురి వేళ్ళకు క్లిప్పులు తగిలిస్తోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆమెలాంటి పిల్లలు చదివితే సంతోషం, చదవకపోతే నాకు పొద్దుపోయినట్టవుతుంది.

నా ఉద్యోగం కొత్తలో నన్ను నందికొండకు వేశారు. కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి జనమో అక్కడ చేరారు. రాళ్ళు కొట్టేవాళ్ళు, మట్టి మోసేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు, లారీలు నడిపేవాళ్ళు. ఒక కూలీల క్యాంపు పక్కన మాకో రేకుల దవాఖాన ఉండేది. రెండు గదులు, ఒక వరండా. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చుంటే రోగికి జ్వరం ఉందో, గదికి ఉందో తెలిసేది కాదు. నలిగిన వేళ్ళు, తేలుకాట్లు, దుమ్ము దగ్గు, వడదెబ్బ, ఇవే రోజూ వచ్చేవి.

మేం నలుగురం పనిచేసేవాళ్ళం. డాక్టరు గారిది కృష్ణకు అవతలి ఒడ్డు. అప్పుడే చదువు ముగించుకుని వచ్చాడు. ఎప్పుడూ చంకలో ఒక లావుపాటి పుస్తకం ఉండేది. జ్వరంతో వచ్చిన వాడికి జ్వరం ఎందుకు వస్తుందో, చెమట ఎందుకు పడుతుందో అరగంట చెప్పేవాడు. మందు రాయడం మాత్రం మరిచిపోయేవాడు. ఆ చీటీ గుర్తుచేయడం నా పని. మనిషి వెన్న. రోగుల మీద ఒక్కసారైనా విసుక్కోగా నేను చూడలేదు.

కంపౌండరు నల్లగొండ మనిషి, మా అందరికన్నా పెద్దవాడు. మందుల బీరువా తాళంచెవుల గుత్తి ఎప్పుడూ ఆయన మొలకు వేలాడుతుండేది. నడుస్తుంటే గలగలమని చప్పుడు. ఆయన బీరువాలో మందు లేని రోగానికి కూడా ఆయన దగ్గర ఏదో ఒక ఇంటివైద్యం ఉండేది. తిండి మీద, ముఖ్యంగా మాంసం మీద ఆయనకున్న ఇష్టం గురించి రాయాలంటే ఇది చాలదు.

ఇక డ్రెస్సరు. నార్కట్‌పల్లి దగ్గరి పద్మశాలి ఇంటి పిలగాడు. చిన్నప్పుడు మగ్గం దగ్గర పోగులు అతికిన చేయి కాబట్టి పుండు కడిగినా, కట్టు కట్టినా రోగికి నొప్పి తెలిసేది కాదు. వాడు కట్టిన కట్టు జారడం నేను చూడలేదు. దానికి తోడు చెడుగుడులో మొనగాడు. సాయంత్రం పని దిగాక ఎర్రమట్టి చదును చేసిన మైదానంలో వాడు కూతకు వెళ్తే, అవతలి జట్టు కంటే ముందు మా వరండాలో రోగులు లేచి నిలబడేవాళ్ళు. నన్ను అక్కలా చూసేవాడు. నాకూ వాడంటే ప్రాణం.

వాడికో పెళ్ళి సంబంధం కుదరబోతోంది. కట్టంగూర్ పిల్ల. వాళ్ళదీ మగ్గాల ఇల్లే. ఏదో పెళ్ళిలో చూశాడట, ఇక వేరే మాట లేదు. పిల్లకు ఇష్టం, పిల్ల తండ్రికి ఇష్టం. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది పిల్ల నాయనమ్మది. ఒకరోజు కత్తెరలు ఉడకబెడుతూ వాడు నాతో చెప్పుకున్నాడు.

"సిస్టరమ్మా, అవ్వ ఒప్పుకుంటెనే లగ్గం. లేకుంటె లేదు."

"ఎందుకు ఒప్పుకోదు? నీకేం తక్కువ?"

"తక్కువని కాదు. ఆమె బిడ్డను మూర్ఛ రోగమున్నోనికి ఇచ్చిండ్రంట. ఆ ఇంటోళ్ళు చెప్పకుండ దాసిపెట్టిండ్రు. లగ్గమైన రెండోయేడు ఆయన బాయి గట్టు మీద పడ్డడు, మల్ల లేవలె. ఆ బిడ్డ ఇంటికచ్చి, గిప్పటిదాకా మగ్గం ముంగట్నే ఉంటున్నది. అందుకే అవ్వ ఎవ్వల మాట నమ్మదు. పిలగాణ్ణి దినమంత కండ్లార చూడాలంటది."

"మరి రమ్మను. చూసుకోనీ."

"రమ్మన్న. మన ఆట ఉన్న ఐతారం నాడు."

అలా చెబుతూ వాడు సిగ్గుతో నవ్వాడు. ఆడేటప్పుడు చూస్తే తనకన్నా ఆరోగ్యవంతుడు ఈ ప్రాజెక్టులో లేడని అవ్వకు తెలిసిపోతుందని వాడి ఆశ.

ఆ ఆదివారం ఆట రాళ్ళు కొట్టే జట్టుతో. గెలిచిన వాళ్ళకు ఒక కాంట్రాక్టరు పొట్టేలు ఇస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా కంపౌండరు నిద్రపోలేదు. డ్రెస్సరు కనబడితే చాలు, "జర మంచిగ తిను బేటా, కాళ్ళు నొస్తున్నయా, తైలం పెట్టాల్నా" అని వెంటపడేవాడు.

ఇంతలో మా డాక్టరు గారికి ఒక ఆలోచన తట్టింది. పుస్తకం తెరిచి వేలు పెట్టి మరీ చెప్పాడు.

"కూత ఎందుకు తెగుతుంది? ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది కాబట్టి. ఎందుకనిపిస్తుంది? లోపల ప్రాణవాయువు అయిపోతుంది కాబట్టి. గీత దాటేముందే గట్టిగా, లోతుగా, గబగబా ఊపిరి తీసి నింపేసుకున్నామనుకో, కూత ఇంకా ఎంతో సేపు నిలుస్తుంది!"

"లారీల పెట్రోలు నింపినట్టు!" అన్నాడు కంపౌండరు. ఆయన కళ్ళ ముందు పొట్టేలు నిలబడి ఉంది.

మరునాటి నుంచి దవాఖాన వెనక సాధన మొదలైంది. డ్రెస్సరు నడుం మీద చేతులు పెట్టుకుని కొలిమితిత్తిలా బుసలు కొట్టడం, డాక్టరు పక్కన నిలబడి "లోతుగా! ఇంకా లోతుగా!" అని అరవడం. చిత్రమేమిటంటే, ఆయన చెప్పినట్టే జరిగింది. కూత రోజురోజుకూ పొడుగైంది. ఊపిరి తీసుకోవాలనే అనిపించడం లేదని వాడే ఆశ్చర్యపోయాడు. డాక్టరు గారు చిన్నపిల్లాడిలా గంతులు వేశాడు. వరండాలో చీటీల కోసం కూర్చున్న వాళ్ళు కూడా ఊరికే కూర్చోలేక బుసలు కొట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పికి వచ్చిన ఒక ముసలమ్మ, ఇది మోకాళ్ళకు కూడా పనిచేస్తుందా అని నన్నడిగింది.

ఒక్కటే నాకు నచ్చలేదు. వాడు ఒకటి రెండుసార్లు పెదవులు తుడుచుకుంటూ, "నోటి చుట్టు చీమలు పారినట్టయితాంది సిస్టరమ్మా, వేళ్ళు గూడ తిమ్మిరెక్కుతున్నయి" అన్నాడు. డాక్టరు గారికి చెప్పాను. "ప్రాణవాయువు నిండుగా ఉందన్న గుర్తండీ అది, మంచిదే" అన్నాడు. సరేలే, చదువుకున్నవాడు అనుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు, వాడు సరిగ్గా తినడం లేదేమో అని ఒక గ్లాసు పాలు ఎక్కువ తాగించాను.

ఆదివారం వచ్చింది. మైదానం చుట్టూ జనం. గంపలో పల్లికాయలు పెట్టుకుని, పాత కాగితాలు అంటించి చేసిన సంచుల్లో పోసి అమ్ముతున్నాడు ఒకడు. నేను మందుల పెట్టెతో గీత పక్కనే కూర్చున్నాను. అవ్వ వచ్చింది. ఇంట్లో నేసిన ముతక చీర, చేతులకు లావుపాటి కడియాలు, తూకం వేసినట్టు చూసే చూపు. వెనక ఆమె కొడుకు, అంటే పిల్ల తండ్రి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ రోజంతా పెదవి విప్పి మాట్లాడింది నాకు గుర్తులేదు.

అవ్వ డ్రెస్సరును పిలిచి ముందు నిలబెట్టింది. చేతులు తిప్పి చూసింది, నడిచి చూపమంది, "పండ్లు కనవడేతట్టు నవ్వు" అంది. వాడు నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏం బిడ్డా, గీ పిలగాడు నిదురల పండ్లు కొరుకుతడా?"

"నాకేం ఎరుక అవ్వా! నేను దవాఖానల పనిజేస్తున్న, వాళ్ళింట్ల కాదు."

ఆమెకు నా జవాబు నచ్చినట్టుంది. నా పక్కనే చతికిలబడింది.

ఆట మొదలైంది. మా వాడు వెళ్ళిన మొదటి కూతలోనే ఇద్దరిని కొట్టి వచ్చాడు. జనం ఈలలు వేశారు. అవ్వ ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. కానీ వాడికి అవ్వ చూస్తోందన్న బెదురు, పొట్టేలు పోతుందేమోనని కంపౌండరు పెడుతున్న కేకలు, గీత పక్కన డాక్టరు గారి "లోతుగా! ఇంకా లోతుగా!" ఇవన్నీ కలిసి వాడి బుసలు ఆగనే లేదు. కూతకు ముందే కాదు, తిరిగి వచ్చాక, నిలబడి ఉన్నప్పుడు, అవతలివాడు కూతకు వచ్చినప్పుడు కూడా ఛాతీ ఎగిరెగిరి పడుతూనే ఉంది.

రెండు జట్లూ సమానంగా వచ్చాయి. ఆఖరి కూత మావాడిది. డాక్టరు గారు వాడిచేత అంతకుముందు ఎన్నడూ లేనన్ని ఊపిర్లు తీయించాడు. వాడు గీత దాటాడు. "చెడుగుడు" అన్న మాట నోట్లో మెత్తగా నలిగి ఏదో వేరే మాటలా వచ్చింది. రెండడుగులు వేసి ఆగిపోయాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. అలాగే అవతలి జట్టు మధ్యలో కూలబడ్డాడు.

నేను పరుగెత్తాను. మణికట్లు లోపలికి వంగిపోయాయి. వేళ్ళు బిగుసుకుని, అయిదూ ఒకచోటికి చేరి, అన్నం ముద్ద కలిపి నోటికి ఎత్తబోయే చేయిలా అయిపోయాయి. విప్పుదామంటే రావు. కాళ్ళ వేళ్ళు కూడా కొంకర్లు పోతున్నాయి. రాళ్ళు కొట్టే జట్టు వాళ్ళు, కొండను బద్దలు కొట్టే మనుషులు, భయపడి వెనక్కి జరిగారు.

అప్పుడు మా కంపౌండరు చేయాల్సింది చేశాడు. అంటే, చేయకూడనిది. "హటో, హటో!" అంటూ జనాన్ని తోసుకుని వచ్చి, మొలకున్న తాళంచెవుల గుత్తి లాగి, పిలగాడి చేతిలో కుక్కాడు. ఇనుము చేతిలో పెడితే మూర్ఛ దిగుతుందని మన వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. మూర్ఛ అయితేనే అలా పెడతారనీ అంతే బాగా తెలుసు. ఆయన ప్రేమతో చేసిన పని ఆ పిలగాడి మీద దండోరా వేసినట్టయింది. బిగిసిన వేళ్ళలో గుత్తి నిలవక గలగలమని కిందపడింది.

"మూర్ఛ! డ్రెస్సరుకు మూర్ఛ!" అని ఎవరో అరిచారు.

తిరిగి చూసేసరికి అవ్వ లేచి నిలబడి ఉంది. ఆ ముఖం నేను మరిచిపోలేను. కోపం లేదు అందులో. పాత దెబ్బ మీద మళ్ళీ తగిలినట్టుంది.

"నడువురా" అంది కొడుకుతో. "చూసింది సాలు."

డాక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చుని, పాలిపోయిన ముఖంతో, ఆ వేళ్ళ వైపే చూస్తున్నాడు. ఒక్కసారిగా నుదురు కొట్టుకున్నాడు. "నేనెంత వెధవను! ఊపిరి తగ్గించు నాయనా, చిన్నగా తియ్యి! సిస్టర్ గారూ, సంచి! కాగితం సంచి!"

ఇంతసేపూ లోతుగా అని అరిచినవాడు చిన్నగా అంటుంటే జనానికి మతిపోయింది. నేను పల్లికాయల వాడి దగ్గర నిండు సంచి లాక్కుని, కాయలన్నీ నా కొంగులో కుమ్మరించి, ఖాళీ సంచిని పిలగాడి ముక్కూ నోరూ మూసేలా పట్టుకున్నాను. విడిచిన గాలినే మళ్ళీ పీల్చమన్నాను. వీపు నిమురుతూ కూర్చున్నాను. కాసేపటికి బొటనవేలు కదిలింది. తర్వాత మిగిలినవి ఒక్కొక్కటే విడివడసాగాయి. సంచి తీయగానే వాడు అన్న మొదటి మాట, "అవ్వ యాడ ఉన్నది?"

అవ్వ మైదానం అంచు దాకా వెళ్ళి ఆ మాట విని ఆగింది. డాక్టరు గారు ఆమె ముందుకు పరుగెత్తి, చేతులు జోడించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పిన దాన్ని నేను ఆ నర్సమ్మలాంటి పిల్లల కోసం కుదించి రాస్తాను.

ఊపిరి తీయి, ఊపిరి తీయి అని మనల్ని లోపల్నుంచి తొందరపెట్టేది ప్రాణవాయువు తగ్గడం కాదు. మామూలుగా అయితే, ఒంట్లో పుట్టే బొగ్గుపులుసు గాలి, అంటే మీ కార్బన్ డయాక్సైడు, రక్తంలో పేరుకోవడం. మెదడు అడుగున ఆ లెక్క కనిపెట్టే చోటు ఒకటి ఉంది. అది కాస్త పెరిగితే చాలు, ఊపిరి తీయమని గోల చేస్తుంది. మావాడు బుసలు కొట్టి కొట్టి ఆ గాలినంతా బయటికి ఊదేశాడు. అందుకే కూత పొడుగైంది. వాడేమీ ఎక్కువ నింపుకోలేదు, గోల చేసేవాడి నోరు మూయించాడు, అంతే. అది ప్రమాదం కూడా. ప్రాణవాయువు అడుగంటినా తెలియక స్పృహ తప్పవచ్చు. పైగా బొగ్గుపులుసు గాలి మరీ తగ్గితే రక్తం గుణం మారి నరాలు తిక్కగా తయారవుతాయి, వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ రోజు మీ క్లిప్పు వాడి వేలికి తగిలించి ఉంటే, అంతా బాగుందనే చెప్పేది. ఇంకొక మాట, ఇప్పుడు మీరు ఆయాసంతో వచ్చిన ప్రతివాడికీ సంచులు పెట్టకండి. అసలు రోగం గుండెదో ఊపిరితిత్తులదో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

అవ్వ అంతా ఓపికగా విన్నది.

"నా బిడ్డ లగ్గం నాడు గూడ ఒకాయన గిట్లనే మంచిగ చెప్పిండు సారూ. పిలగాడు పడితె వేడి చేసిందన్నడు. ఏం ఫికర్ లేదన్నడు."

డాక్టరు గారు అక్కడే నిలబడి తనే బుసలు కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఆయన వేళ్ళూ బిగిశాయి. చేతులు ఎత్తి చూపించాడు. జనం 'అబ్బో' అన్నారు. అవ్వ అనలేదు.

"నువ్వు సదువుకున్నోనివి. నాటకం గూడ సదువుకొనుంటవు. నాకు చెయ్యి."

"వద్దవ్వా! మీరు పెద్దవారు..."

"పెద్దదాన్నని ఊపిరి తీస్తలేనా? ఎట్ల తియ్యాలె, చెప్పు."

ఎవరి మాటా వినలేదు. నా మందుల పెట్టె మీద కూర్చుని, కొంగు బిగించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. నేను ఆమె నాడి మీద వేలు తీయలేదు. ఆమె కడియాలు ఊపిరితో పాటు కదులుతున్నాయి. "నోటి చుట్టు చీమలు" అంది మధ్యలో. తర్వాత ఆ ముడతల చేయి మెల్లగా లోపలికి వంగి, అయిదు వేళ్ళూ ఒకచోటికి చేరాయి. అచ్చం పిలగాడి చేయి. అలవాటు చొప్పున మా కంపౌండరు గుత్తి పట్టుకుని ముందుకు వచ్చాడు. చేతి మీద ఒక్కటిచ్చాను.

అవ్వ కళ్ళు తెరిచి తన చేతిని చూసుకుంది. "నా చెయ్యి నా మాట ఇనకపాయె" అంది ఆశ్చర్యంగా. "సారూ, నాకు మూర్ఛ ఉన్నదా?"

"లేదవ్వా."

"మరి?"

"ఆ పిల్లాడికీ లేదు."

సంచి ఆమె ముఖానికి పట్టాను. చేయి విడివడేదాకా ఆమె డ్రెస్సరు ముఖమే చూస్తూ కూర్చుంది. సంచి తీశాక మెల్లగా మాట్లాడింది.

"నా అల్లుడు పడ్డప్పుడల్ల పక్కన నేను కూసున్నా గుర్తువట్టకపోయేటోడు. కండ్లు తెరిచి గూడ ఎవ్వరని అడిగేటోడు. గీ పిలగాడు ముడుసుకపోయిన చేతులతోని గూడ అవ్వ యాడ అన్నడు. గప్పుడే నా కాళ్ళు ఆగినయి. కని, నాది నేను చూసుకోవాలె గద బిడ్డా. ఒక్కపారి మోసపోయినదాన్ని."

ఆమె ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఎప్పుడూ మాట్లాడని ఆ కొడుకు అటు తిరిగి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. రాళ్ళు కొట్టే జట్టు వాళ్ళు పొట్టేలును తోలుకుపోతుంటే కంపౌండరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు గానీ, అది దేనికో నేను అడగలేదు.

డ్రెస్సరు వచ్చి అవ్వ ముందు కూర్చున్నాడు. తల ఎత్తలేదు. అవ్వ నా కొంగులోంచి రెండు పల్లికాయలు తీసి, విడివడిన వేళ్ళతో ఒలిచింది. పొట్టు ఊదింది. అయిదు వేళ్ళూ మళ్ళీ ఒకచోటికి చేర్చింది, ఈసారి తన ఇష్టంతో. ఆ గింజలు వాడి నోట్లో పెట్టింది. పక్కన సిగ్గుతో నిలబడ్డ మా డాక్టరు గారిని ఎగాదిగా చూసింది.

"మంచిగ నమిలి మింగు బిడ్డా. లగ్గమయ్యేదాక మాత్రం గీ సారు మాట ఇనకు."